కాలు జారలేదు

మేస్త్రీ ఏనాడూ కూర్చుని టీ తాగి ఎరగడు. గుమ్మంలో నిలబడి, ఒక కాలు చెప్పులో దూర్చి, రెండో చెప్పు కోసం కాలితోనే తడుముకుంటూ, ఊదుకుంటూ తాగేవాడు. మధ్యలో ఫోను మోగిందంటే గ్లాసు కిటికీలో పెట్టేసి, మాట్లాడుతూనే వీధిలోకి వెళ్ళిపోయేవాడు. మిగిలిన టీ అక్కడే చల్లారిపోయేది. పనిలో అందరూ అతన్ని ఉరుకుల మేస్త్రీ అనేవాళ్ళు. ఆ పేరులో కొంత వెక్కిరింత, కొంత మెచ్చుకోలు ఉండేవి. చెప్పిన గడువుకు ముందే పని ముగించి చూపిస్తాడని కాంట్రాక్టర్ల దగ్గర అతనికి గొప్ప పేరు.

"కాళ్ళకి చక్రాలేమైనా కట్టించుకున్నారా? ఆ గుక్కెడూ కూర్చుని తాగితే మేడ లేచి పారిపోతుందా?" అనేది భార్య, మిషను మీంచి తల ఎత్తకుండానే. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ముందు గదిలో సగం ఆ కుట్టుమిషనుకీ గుడ్డముక్కలకీ పోతే, మిగతా సగంలో ఆవిడ తమ్ముడి మంచం ఉండేది.

ఆ తమ్ముడు తాపీపనివాడు. అక్క పెళ్ళయిన కొత్తలో బావ వెంట సరదాగా పనికి వెళ్ళి, అక్కడే పని నేర్చుకుని, బావ దగ్గరే ఉండిపోయాడు. గోడకు సిమెంటు పూత పెట్టడంలో అతని చెయ్యి ఎంత తిరిగిందంటే, తోటివాళ్ళు అతనికి 'అద్దం' అని పేరు పెట్టారు. అతను పూసిన గోడలో మొహం చూసుకోవచ్చని వాళ్ళ పరిహాసం. పని అయ్యాక తాపీని గుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టి చూసుకుని, అప్పుడు గానీ సంచిలో పెట్టేవాడు కాదు. సాయంత్రమైతే వీధిలో పిల్లల్ని పోగుచేసి బంతి ఆడేవాడు. "పెళ్ళీడుకొచ్చిన మొగాడివి, నీకు గోల్‌కీపరుగా ఉండే పిల్లని ఎక్కడ వెతకమంటావురా?" అని అక్క విసుక్కునేది.

ఇలాంటి ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. క్యారియర్లు చేత పట్టుకుని పనికి వెళ్ళే ఈ మనుషుల్ని మనం రోజూ చూస్తూనే ఉంటాం. కొత్తగా లేస్తున్న మేడ చుట్టూ అల్లుకున్న ఇనుప గొట్టాల పందిరినీ చూస్తూనే ఉంటాం. దాన్నే పరంజా అంటారు. దాని మీద చెక్కలు పరిచి, చెక్కల మీద మనుషులు నిలబడి మన గోడలకు నునుపు తెస్తారు. ఆ గొట్టాలకు పట్టు ఎక్కడుంది, ఆ మనిషి నడుముకు తాడుందా, అని మనలో ఎవరమూ ఆగి అడగం. మేడ ఎప్పటికి పూర్తవుతుందని మాత్రం అడుగుతాం.

ఆ మేడ నాలుగంతస్తులది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు వస్తాయి. యజమానికి తొందర. యజమాని తొందర కాంట్రాక్టరుకు అంటుకుంది. కాంట్రాక్టరు తొందర ఫోనులో దూరి వచ్చి మేస్త్రీ చెవిలో మోగుతూ ఉండేది. "ముందు గోడ ఎంతవరకు వచ్చింది? బోర్డు తగిలించాలంటున్నాడు పెద్దాయన. నువ్వుండగా ఆలస్యమేమిటయ్యా?" ఆ చివరి మాట మేస్త్రీకి కొరడా లాంటిది, బెల్లం లాంటిది కూడా.

పరంజా కట్టిన ముఠాకు పెద్ద అయిన మనిషి పని ముగించి వేరే చోటికి వెళ్తూ మేస్త్రీని పక్కకు పిలిచి చెప్పాడు. "కిటికీ ఖాళీల్లోంచి గొట్టాలు లోపలికి పోనిచ్చి గోడకు బిగించాను. పరంజాకి పట్టంతా అక్కడే ఉంది. వాటిని తియ్యాల్సొస్తే నాకు ఒక్క మాట చెప్పండి, వచ్చి వేరేచోట కట్టి పెడతాను. మీవాళ్ళని చెయ్యి పెట్టనివ్వకండి."

"అలాగే, అలాగే" అన్నాడు మేస్త్రీ. అప్పటికే అతని కళ్ళు ఇసుక లారీ వైపు తిరిగాయి.

కొన్నాళ్ళకు కిటికీలు బిగించేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు నేరుగా మేస్త్రీ దగ్గరకొచ్చాడు. "ఈ గొట్టాలు అడ్డంగా ఉంటే ఫ్రేములు ఎలా పెట్టమంటావు?"

పరంజా ముఠాను పిలిస్తే ఆ పూటకు పని ఆగిపోతుంది. మేస్త్రీ ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. "తీసెయ్యండి. మీ పని అయ్యాక మళ్ళీ బిగించెయ్యండి."

"బిగించడం మా పని కాదు మేస్త్రీ."

"సరేలే, తియ్యండి. తర్వాత మేం చూసుకుంటాం."

తర్వాత ఎవరూ చూసుకోలేదు. కిటికీలు చక్కగా అమరాయి. పై అంతస్తులో గోడకూ పరంజాకూ సంబంధం తెగిపోయింది. బయటినుంచి చూసేవాళ్ళకు మాత్రం అంతా మునుపటిలాగే ఉంది.

మర్నాడు పొద్దున అద్దం పైకెక్కాడు. కాసేపటికే దిగి వచ్చాడు. "బావా, పరంజా ఊగుతోంది."

మేస్త్రీ ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, "ఊగితే ఉయ్యాలనుకో. నీ దగ్గర టికెట్టు కూడా తీసుకోవటం లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అద్దం కూడా నవ్వాడు, ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"నవ్వులాట కాదు బావా. కిటికీలవాళ్ళు తీసినవి ఎవరూ కట్టలేదు. గోడ పట్టు లేదు."

"కట్టిస్తాలేరా. ఈ పై వరస కానివ్వు. సిమెంటు మాలు కలిపేశారు, గట్టిపడితే పారబొయ్యాలి."

"పోనీ నడుముకి కట్టుకునే బెల్టన్నా తీయించు."

బెల్టులు తాళం వేసిన సామాన్ల గదిలో ఉన్నాయి, వచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్లు చిరగకుండా. అవి కట్టుకుంటే అడుగడుక్కీ కొక్కెం విప్పి తగిలించుకోవాలి, పని నడవదని మేస్త్రీకి చికాకు. "బామ్మర్దిగారికి భయమేస్తే చెప్పమనండర్రా, నేనే ఎక్కుతాను" అన్నాడు అందరికీ వినబడేలా.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అద్దం చెవులు ఎర్రబడ్డాయి. తాపీ తీసుకుని ఎక్కేశాడు. అతనికి మాలు తట్టలు అందించే ఆవిడ ఒకసారి మేస్త్రీ మొహంలోకి చూసి, చీర చెంగు నడుముకు చుట్టుకుని, వెనకాలే ఎక్కింది.

మధ్యాహ్నం గాలి లేచింది. పెద్ద గాలి కూడా కాదు, ఆరేసిన బట్టలు ఎగిరేపాటి గాలి. మేస్త్రీ వీధి వైపు తిరిగి కాంట్రాక్టరుతో మాట్లాడుతున్నాడు. "అయిపోతోంది సార్, సాయంత్రానికల్లా..." అంటూ ఉండగానే వెనక ఇనుము ఇనుముకు రాసుకున్న కీచుమనే చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి పరంజా పైభాగం గోడను వదిలి బయటికి వంగుతోంది. చెక్కలు ఒకదాని వెంట ఒకటి జారాయి. మాలు అందించే ఆవిడ కొత్త కిటికీ ఫ్రేము పట్టుకుని వేలాడుతూ కేకలు పెట్టింది. లోపలున్నవాళ్ళు ఆవిడ రెక్కలు పట్టుకుని లాగేశారు. అద్దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కింది అంతస్తు సజ్జ మీద పడి, అక్కడినుంచి ఇసుక కుప్ప మీదకు దొర్లాడు.

మేస్త్రీ పరుగెత్తాడు. జీవితమంతా పరుగెత్తిన మనిషికి ఆ నాలుగడుగులూ ఎంతకీ తరగలేదు.

ఆసుపత్రి వరండాలో జనం, బల్లలు, మందుల వాసన. మేస్త్రీ ఆ చివర్నుంచి ఈ చివరికీ ఈ చివర్నుంచి ఆ చివరికీ తిరుగుతున్నాడు. చొక్కా మీద సిమెంటు, రక్తం కలిసి ఎండిపోయాయి. కాంట్రాక్టరు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి ఓ మూలకు తీసుకెళ్ళాడు.

"ప్రాణానికి భయం లేదన్నారుగా, అదే పదివేలు. చూడు, అధికారులు వస్తారు, అడుగుతారు. కాలు జారింది. అంతే కదా జరిగింది? కుర్రాడు మనవాడే, మనింట్లో మనిషే. ఎక్కువ తక్కువ మాట్లాడితే ముందు నీ మెడకే చుట్టుకుంటుంది."

మేస్త్రీ తల ఊపాడు.

అంతలో భార్య వచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. "ఏమైందండీ? ఎలా పడ్డాడు?"

"కాలు జారింది" అన్నాడు మేస్త్రీ. అంత పెద్ద అబద్ధం అంత సులువుగా నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

తుంటి ఎముకా మడమా విరిగాయి. డాక్టరు దాచకుండా చెప్పింది. "నడుస్తాడు. కర్ర సాయం ఉండాలి. ఎత్తులు ఎక్కే పని మాత్రం ఇంక మర్చిపోవాలి." బంతి గురించి ఎవరూ అడగలేదు.

అద్దం తేరుకున్నాక కార్మిక శాఖ అధికారి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఎలా జరిగింది బాబూ? భయపడకుండా చెప్పు." కుర్రవాడు మంచం చివర నిలబడ్డ బావ వైపు చూశాడు. తలాపున తన జుట్టు సవరిస్తున్న అక్క వైపు చూశాడు.

"కాలు జారిందండి. నాదే పొరపాటు."

మేస్త్రీకి తల తీసేసినట్టయింది. కుర్రవాడు తిట్టి ఉంటే భరించేవాడు. చొక్కా పట్టుకుని నిలదీసినా భరించేవాడు. అడగకుండానే క్షమించేసిన ఆ చూపును మాత్రం భరించలేక, నీళ్ళు తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాడు.

కాలు జారింది. ఎన్ని ఆసుపత్రుల్లో, ఎన్ని మంచాల పక్కన ఈ మాట వినబడి ఉంటుందో ఆలోచించండి. ఊడదీసిన గొట్టం, తాళం వేసిన గది, ఫోనులో అరిచిన గొంతు, అన్నీ ఆ ఒక్క మాట చాటున దాక్కుంటాయి. పడ్డవాడి కాలు ఒక్కటే దోషిగా మిగులుతుంది.

ఆ తర్వాత మేస్త్రీకి ఇంట్లో నిలకడ లేదు, పనిలో నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. పళ్ళెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. తాను వేసిన ఉయ్యాల పరిహాసం చెవుల్లో గింగురుమనేది. ముందుగదిలో ఖాళీ మంచం వైపు చూడకుండా తప్పుకుని నడిచేవాడు.

ఒకరోజు భార్య మిషను ఆపింది. "ఒక మాట అడుగుతాను. వాడు చిన్నప్పుడు పిట్టగోడ మీద పరుగులు తీసినవాడు. ఇన్నేళ్ళలో ఎక్కడా పట్టు తప్పలేదు. వాడి కాలు జారడమేమిటండీ?"

"పనన్నాక అలాంటివి జరుగుతుంటాయి."

"మీ వంక చూసి అడుగుతున్నాను. మీరు గోడ వంక చూసి చెబుతున్నారు."

మేస్త్రీ చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. వెనక మిషను మళ్ళీ మోగలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆ నిశ్శబ్దం అతని వెన్ను మీదే ఉంది.

మేడ దగ్గర పని మొదలైంది. ఒరిగిన పరంజాను అధికారులు చూడకముందే తాళ్ళతో లాగి, నిలబెట్టి, అక్కడక్కడా కట్టుతీగ చుట్టారు. పరంజా ముఠాను పిలవాలన్న మాట మేస్త్రీ ఒకసారి ఎత్తితే, "వాణ్ణి పిలిస్తే మొత్తం విప్పి కడతానంటాడు. అంత టైమెక్కడిది?" అని కాంట్రాక్టరు ఫోను పెట్టేశాడు. అద్దం స్థానంలో కొత్త తాపీపనివాడు వచ్చాడు. నడివయసు మనిషి, పిల్లలు గలవాడు, మాటకారి. వస్తూనే అందరినీ వరసలు కలిపి పలకరించాడు. మాలు అందించే ఆవిడను "ఏం చెల్లెమ్మా, పాకం బాగా కుదిరిందా?" అని నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు.

అతను గొట్టం మీద చెయ్యి వేసి ఒకసారి కుదిపి చూశాడు. "మేస్త్రీ, కొంచెం కదులుతున్నట్టుందే?"

"ఏం కాదు, ఎక్కు" అన్నాడు మేస్త్రీ.

ఆలోచించి అన్న మాట కాదది. ఇన్నేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. కొత్తవాడు భుజాలు ఎగరేసి ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి చెక్క దాటాడు. రెండో చెక్క మీద కాలు పెట్టాడు. గొట్టాలు సన్నగా మూలిగాయి. మేస్త్రీ చేతిలో ఫోను మోగుతోంది. అతని కళ్ళకు పైన కొత్తవాడు కనబడలేదు. ఎర్రబడిన చెవులతో, తలొంచుకుని ఎక్కుతున్న బావమరిది కనబడ్డాడు.

"దిగు!" అని అరిచాడు. "దిగవయ్యా బాబూ! అందరూ దిగండి! ఎవరూ దాని మీద ఉండొద్దు!"

ఆ కేకకు ఎదురు వీధి దుకాణంలోవాళ్ళు కూడా బయటికి వచ్చి చూశారు. పనివాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఎవరో చెప్పినట్టున్నారు, కాసేపట్లో కాంట్రాక్టరు కారు దిగాడు.

"ఏమిటీ గొడవ? పనెందుకు ఆగింది?"

"పరంజా సరిగ్గా లేదు సార్. కట్టినవాళ్ళని పిలిపించండి. మొత్తం విప్పి కట్టాక ఎక్కుతారు."

"మతిపోయిందా నీకు? వారంలో ప్రారంభం పెట్టుకుని ఇప్పుడు విప్పడమేమిటి? మొన్నటిదాకా దీని మీదే గదా అందరూ ఎక్కారు?"

"ఎక్కారు. అందుకే మా బామ్మర్ది ఆసుపత్రిలో ఉన్నాడు."

"కాలు జారితే దానికి పరంజా ఏం చేస్తుందయ్యా?"

మేస్త్రీ నిలబడ్డ చోటే అటూ ఇటూ కదిలాడు. తర్వాత పనివాళ్ళ వైపు తిరిగాడు. కాంట్రాక్టరుకు వీపు చూపించడం అతనికి అదే మొదటిసారి.

"వాడి కాలు జారలేదు. గోడ పట్టు నేనే తీయించాను, మళ్ళీ కట్టించలేదు. ఊగుతోందని వాడు నాకు చెప్పాడు. మీరంతా అక్కడే ఉన్నారు, విన్నారు. బెల్టు అడిగాడు, ఇవ్వలేదు. భయమా అని మీ అందరి ముందూ ఎగతాళి చేశాను. వాడు మొహమాటానికి ఎక్కాడు. నా ఇల్లు నిలబడాలని తప్పు తన మీద వేసుకున్నాడు. ఇప్పుడే ఇంకొకణ్ణి ఎక్కమన్నాను, ఇదే నోటితో."

మాలు అందించే ఆవిడ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "నేనెక్కను. మళ్ళీ వేలాడే ఓపిక నాకు లేదు" అంది. కొత్త తాపీపనివాడు తాపీని సంచిలో పెట్టేశాడు. ఆ వెనక మిగతావాళ్ళు కూడా చేతులు కడుక్కున్నారు.

"నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు కాంట్రాక్టరు మేస్త్రీతో.

"తెలుసు సార్" అని మేస్త్రీ అక్కడినుంచి నేరుగా అధికారి దగ్గరకు వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత ఆసుపత్రికి నడిచాడు. ఆటో ఎక్కితే త్వరగా చేరతాడు. త్వరగా చేరాలని ఆ రోజు అతనికి లేదు.

భార్య తమ్ముడికి ముద్దలు కలిపి పెడుతోంది. మేస్త్రీ మంచం పక్కన నిలబడి, ఏదీ దాచకుండా, ఉయ్యాల మాటతో సహా చెప్పేశాడు. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పోనీలే అక్కా, అయిందేదో అయింది" అన్నాడు అద్దం. "బావ కావాలని చేశాడా?"

"నువ్వు ఊరుకో!" ఆవిడ ముద్ద పళ్ళెంలో పడేసింది. ముందు భర్త వైపు తిరిగింది. "వాడు మీ మీద ప్రేమతో అబద్ధం చెప్పాడు. మీరు భయంతో చెప్పారు. రెండింటికీ నా దగ్గర ఒకే లెక్క దొరకదు." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు బావని కాపాడాననుకుంటున్నావు. నా కాపురం నిలబెట్టాననుకుంటున్నావు. నీ తర్వాత అదే చెక్క మీద నిలబడేవాడికి అక్క లేదా? పెళ్ళాం లేదా? నువ్వు నోరు మూసుకుంటే వాళ్ళ కొంప ఎవరు నిలబెడతారురా?"

మర్నాడు అధికారిని మళ్ళీ పిలిపించమని అద్దం తనే అడిగాడు.

మేడ పని కొన్నాళ్ళు ఆగింది. ఎవరూ ఎక్కనన్నాక కాంట్రాక్టరు పరంజా ముఠాను పిలవక తప్పలేదు. వాళ్ళు అంతా విప్పి మళ్ళీ కట్టారు. బెల్టుల కవర్లు చిరిగాయి. ప్రారంభం వెనక్కు జరిగింది, దానివల్ల ఏ కొంపా మునగలేదు. యజమాని మీద, కాంట్రాక్టరు మీద, మేస్త్రీ మీద కూడా కేసు నడిచింది. వైద్యం భారం యజమాని మోయాల్సి వచ్చింది. మేస్త్రీకి చాలా కాలం ఎవరూ పని అప్పగించలేదు. చివరికి ఇంకో మేస్త్రీ కింద మామూలు పనివాడిగా చేరాడు. ఇంట్లో భార్య అవసరమైనంత వరకే మాట్లాడేది. ఆ దూరం తరిగిందా అంటే, కొంత తరిగింది. మొత్తం తరిగిందని చెబితే అది అబద్ధమవుతుంది. అద్దం కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నేల మీద నిలబడి చెయ్యి అందినంత మేరకు గోడలకు పూత పెడుతున్నాడు. పైభాగం వేరేవాళ్ళు పూస్తారు. చూసినవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

ఈమధ్య ఒక పెద్ద పని మొదలయ్యే రోజున పరంజా ముఠా పెద్ద అందరినీ ఒకచోట చేర్చి, మాజీ మేస్త్రీని నాలుగు మాటలు చెప్పమన్నాడు. అతను అందరి ముందూ నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు లాక్కున్నాడు.

"నాకు ఉపన్యాసాలు రావు. గొట్టాలు ఎలా కట్టాలో, బెల్టు ఎలా తగిలించుకోవాలో ఈయన చెబుతాడు, వినండి. నేను చెప్పేది మేస్త్రీలకి, కాంట్రాక్టర్లకి, మేడలు కట్టించుకునేవాళ్ళకి. ఊగుతోందని పనివాడు చెబితే పని ఆపండి. వాడి వెంట మీరూ ఎక్కి చూడండి. సరి చేశాకే పంపండి. వాణ్ణి చూసి నవ్వకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. నేను నవ్వాను, ఆ నవ్వుకి మా బామ్మర్ది తన కాలు ఇచ్చుకున్నాడు. ఎక్కేవాడికి భయమేసిందంటే సిగ్గుపడాల్సింది వాడు కాదు, ఎక్కమన్నవాడు."